జీపీఎస్ మిషన్‌ని ముందు ఇసుకలో నడిపించండి

జూన్ మొదటి వారంలో మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, మిషన్ వచ్చేసింది. పదిహేనో తారీఖున వేటకి దిగుతున్నాం. ఎలా వాడాలో నాలుగు ముక్కలు వాట్సాప్‌లో పెట్టెయ్" అన్నాడు. మిషన్ అంటే చేత్తో పట్టుకునే జీపీఎస్. సముద్రం మీద వాడటానికే చేసినది, నీళ్లలో పడినా తేలుతుంది. రెండేళ్లుగా కొనాలనుకుంటున్నది ఇప్పటికి కొన్నాడు. ఆ సంతోషం గొంతులో తెలుస్తూనే ఉంది. నేను మాత్రం "ఈ వారమంతా దాన్ని ఒడ్డు మీదే వాడు. అప్పటికీ చెయ్యి తిరక్కపోతే మొదటి వేటకి ఇంట్లో పెట్టి వెళ్లు" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "ఒడ్డు మీద నాకు దారి తెలీదా బావా?" అని పెట్టేశాడు.

వాడికి కోపం రావడం న్యాయమే. డబ్బు పెట్టి కొన్నది సముద్రం కోసం. అయినా నా మాట మీద నేనున్నాను. ఎందుకో వాడికి ఫోన్‌లో చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను. వాడిలా కొత్తగా కొన్నవాళ్లు మా ఉప్పాడ వైపే కాదు, తీరం పొడుగునా ఉన్నారు.

నా మాట ఒక్కటే. బోటు మీద ఈ మిషన్ నేర్చుకోవడం కుదరదు. చేతులు తడి, కెరటానికి కాలు నిలవదు, ఇంజిన్ మోతలో పక్కవాడి మాట వినబడదు. అక్కడ నేర్చుకునేవాడు ఒక్క బటన్ నేర్చుకుంటాడు, చోటు ఎంచుకుని "గో టూ" నొక్కడం. మిగతాది ఎప్పటికీ నేర్చుకోడు. ఆ ఒక్క బటన్‌తోనే ఏళ్ల తరబడి వేట సాగుతుంది కూడా. ఏదో ఒక రాత్రి అది చాలదు.

వారం ఎందుకు, పది నిమిషాలు చాలవా అంటే, మొదటి పది నిమిషాలు మిషన్‌కే చాలవు. మర్నాడు వాడే మళ్లీ ఫోన్ చేసి "పాడైపోయిన మిషన్ అంటగట్టారు, ఎంతసేపటికీ ఏమీ చూపించడం లేదు" అన్నాడు. రేకుల షెడ్డు కింద కూర్చుని ఆన్ చేశాడు. ఉపగ్రహాలేమో 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నాయి, రేకుల కిందికి వాటి సంకేతం సరిగ్గా అందదు. కనీసం నాలుగు అందితేగానీ మనం ఎక్కడున్నామో మిషన్‌కి తెలియదు. పైగా అది ఆఖరుసారి ఆన్ అయింది ఏ దేశంలోనో. ఏ ఉపగ్రహం ఎక్కడుంటుందో చెప్పే పట్టిక పూర్తిగా దిగడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఇసుకలోకి తీసుకెళ్లి ఆకాశం కనబడేలా పెట్టి పావుగంట వదిలెయ్యమన్నాను. చోటు దొరికింది. అదే పదిహేనో తారీఖు చీకట్లో, బోటు కదిలాక జరిగి ఉంటే? మిషన్ చెడిపోయిందని డబ్బాలో పడేసేవాడు.

రెండో సాయంత్రం ఇంకో కంప్లయింట్. నిలబడి చూస్తే ముల్లు ఒక్క చోట ఉండటం లేదట, ఒకసారి ఊరి వైపు, ఒకసారి సముద్రం వైపు. ఇరవై ముప్పై అడుగులు నడిచి చూడమన్నాను. నడిస్తే ముల్లు కుదురుకుంది. ఈ రకం మిషన్‌కి దిక్కు తెలిసేది కదలిక వల్లే. ఇందాక ఎక్కడున్నాం, ఇప్పుడెక్కడున్నాం, ఆ తేడానే దిక్కుగా చూపిస్తుంది. ఇంజిన్ ఆపి నీటి వాలుకి వదిలేసిన బోటులో చూస్తే, ముక్కు ఎటు తిరిగి ఉందో చూపించదు, నీరు మనల్ని ఎటు లాగుతోందో చూపిస్తుంది. తెలిసినవాడికి అది గొప్ప సమాచారం. తెలియనివాడు మిషన్‌కి పిచ్చెక్కిందనుకుంటాడు. కొన్ని మిషన్లలో దిక్సూచి వేరే ఉంటుంది. దాన్ని ముందు సరిచేసుకోవాలి, ఇనుముకీ స్పీకర్లకీ దూరంగా పెట్టుకోవాలి. వాడిది ఆ రకం కాదు.

ఒకే అంకె, మూడు చోట్లు

అసలు ప్రమాదం అంకెల్లో ఉంది. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచి చేపలు దొరకడానికి అవకాశం ఉన్న చోట్ల సమాచారం వస్తుంది కదా. ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు, అక్షాంశం, రేఖాంశం ఎంత అని ఉంటుంది. ఊళ్లో ఎవరో ఒక కుర్రాడు దాన్ని చీటీ మీద రాసుకొస్తాడు. "16 45 30" అని రాశాడనుకోండి. అతని లెక్కలో అది 16 డిగ్రీల 45 నిమిషాల 30 సెకన్లు. మిషన్‌లో మాత్రం అదే చోటుని మూడు రకాలుగా రాయొచ్చు. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు ఒక పద్ధతి. సెకన్లు లేకుండా నిమిషాలకే దశాంశం పెట్టడం రెండోది. నిమిషాలు కూడా లేకుండా డిగ్రీలకే దశాంశం పెట్టడం మూడోది.

చీటీలో ఉన్నదాన్ని రెండో పద్ధతిలో 45.30 నిమిషాలుగా కొడితే దాదాపు 370 మీటర్ల తేడా వస్తుంది. చేపల వేటకి అది పెద్ద విషయం కాదనుకుందాం. మూడో పద్ధతిలో 16.4530 అని కొడితే? అది 16 డిగ్రీల 27 నిమిషాలు అవుతుంది. చోటు దాదాపు 34 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. మిషన్ అభ్యంతరం చెప్పదు. ముల్లు చూపిస్తుంది, దూరం చూపిస్తుంది, ఎన్ని గంటలకి చేరతామో కూడా చెప్తుంది. మనం అడిగినదానికి జవాబు చెప్పడమే దాని పని. మనం తప్పు అడిగామని దానికెలా తెలుస్తుంది?

దూరం సంగతీ అంతే. చీటీలో కిలోమీటర్లు, మిషన్‌లో నాటికల్ మైళ్లు. మైలుకి 1852 మీటర్లు. చీటీలో 30 అని ఉందని మిషన్‌లో 30 వచ్చేదాకా పోతే, వెళ్లింది 55 కిలోమీటర్ల పైమాటే. డీజిల్ 30 కిలోమీటర్లకి లెక్కేసి పోయించుకుని ఉంటారు. ఆ తేడా తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది.

అందుకే ఒడ్డు మీద చెయ్యాల్సిన మొదటి పరీక్ష నేను ఇలా పెట్టాను. ఊళ్లో అందరికీ తెలిసిన నాలుగు చోట్ల అక్షాంశ రేఖాంశాలు కాగితం మీద రాసిచ్చాను. గుడి, వాటర్ ట్యాంకు, బస్సు ఆగే చోటు, ఐస్ ఫ్యాక్టరీ. ఏది ఏదో చెప్పలేదు. మిషన్‌లో కొట్టి నడుచుకుంటూ వెళ్లి, ఏ కాగితం ఏ చోటో నువ్వే చెప్పమన్నాను. మొదటి కాగితానికే మా వాడు మిషన్ చూపించినట్టు నడిచి చెరువు గట్టుకి చేరాడు. అక్కడ ఏమీ లేదు. కొట్టిన పద్ధతి తప్పని వాడికే అర్థమైంది, నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. చెరువు గట్టు దగ్గర తప్పు తెలిస్తే పోయేది చెమటే.

గీత తిన్నగానే ఉంటుంది

కాకినాడ రేవుకి అమ్మకానికి వచ్చే బోట్లన్నిటికీ ఈ సంగతి తెలిసి తీరాలి. ఆగ్నేయంగా, గోదావరి మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) బయట వేట చేసి, కాకినాడ రేవుని ఎంచుకుని "గో టూ" నొక్కితే మిషన్ తిన్నగా ఒక గీత గీస్తుంది. ఆ గీత హోప్ ఐలాండ్ అనే దీవి మీదుగా పోతుంది. మిషన్‌కి అది దిక్కూ దూరమే. మధ్యలో నేల ఉందా, ఇసుక మేట ఉందా, ఇంకొకరి వల ఉందా దానికి సంబంధం లేదు. పగలైతే కళ్లున్నాయి. రాత్రి నిద్రమత్తులో ముల్లు వెంట పోయేవాడికి ఏముంది?

దీనికి ఉపాయం చిన్నదే. ఐలాండ్ ఉత్తరపు కొనకి బాగా ఎడంగా ఒక గుర్తు పెట్టుకుని, ముందు దానికి పోయి, అక్కడి నుంచి రేవుకి తిరగాలి. లేదా వెళ్లిన దారినే మిషన్ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఆ జాడ వెంటే వెనక్కి రావాలి. కానీ ఇది ముందే, ఒడ్డున కూర్చుని చేసుకోవాల్సిన పని.

పాత జాడని మరీ నమ్మడం కూడా మంచిది కాదు. హోప్ ఐలాండే గోదావరి తెచ్చిన మట్టీ ఇసుకా మేట వేసి రెండు వందల ఏళ్లలో తయారైన దీవి. అంత పని చేసే నది మొగలో ఇసుకని ఊరికే ఉంచుతుందా? ఒక్క వరద వస్తే నిరుడు బోటు పోయిన చోట ఈ ఏడు మోకాలి లోతు ఉంటుంది. చేతి మిషన్ లోతు చెప్పదు, దానికది చేతకాదు. ఎన్ని బారల నీళ్లున్నాయో తెలియాలంటే తాడుకి బరువు కట్టి దించాల్సిందే. మిషన్ అయిదారు మీటర్ల తేడాతో చోటు చెప్పగలదు, మొగలో దారి అంతకంటే ఇరుకుగా ఉండే చోట్లూ ఉన్నాయి. 2000 మే వరకు అమెరికా తన జీపీఎస్ సంకేతాల్లో కావాలనే తప్పు కలిపేది, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అది పోయాక మనకి ధైర్యం మరీ ఎక్కువైంది.

"ఫోన్ ఉందిగా"

ఇది రాస్తున్నానని తెలిసి ఒక స్నేహితుడు అడిగాడు, ఫోన్‌లో జీపీఎస్ ఉండగా ఇంత ఖర్చెందుకని. న్యాయంగా చెప్పాలంటే చోటు చెప్పడంలో ఇప్పటి ఫోన్లు ఈ మిషన్లకి తీసిపోవు. టవర్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాపు ముందే దించుకుంటే చాలు. మన నావిక్ ఉపగ్రహాల సంకేతం అందుకునే ఫోన్లు కూడా వచ్చాయి. ఫోన్‌తో వేట చేసి క్షేమంగా వచ్చేవాళ్లు మా ఊళ్లోనే బోలెడుమంది. ఈ మాట కాదనలేను.

తేడా చేతిలో ఉంది. తడి వేలికి ఫోన్ తెర పలకదు, బటన్ పలుకుతుంది. ఎండలో ఫోన్ తెర కనబడదు. చార్జింగ్ అయిపోతే ఫోన్ అయిపోయినట్టే. మిషన్‌కి మాత్రం కిరాణా కొట్లో దొరికే రెండు పెన్సిల్ సెల్స్ మార్చితే మళ్లీ పనిచేస్తుంది. నీళ్లలో పడితే ఫోన్ మునుగుతుంది. మిషన్ మీద ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతులో అరగంట ఆగుతుందని అర్థం. వెనక రబ్బరు మూత సరిగ్గా మూసి ఉంటేనే అనుకోండి. మా వాడు మొదటి రోజు కేబుల్ పెట్టి తీసి ఆ మూత తెరిచే వదిలేశాడు. తేలుతుంది కదా అని తాడు కట్టకపోవడం ఇంకో పొరపాటు. రాత్రిపూట తేలే నల్లటి వస్తువుని ఎవరు వెతకగలరు?

నా సలహా ఫోన్ మానెయ్యమని కాదు. రెండూ ఉంచుకోండి, ఒకదానితో ఒకటి సరిచూసుకోండి. రెండూ రెండు చోట్లు చెప్తే కంగారు పడకుండా ఆగి ఎందుకో చూడండి.

తువ్వాల్లో చుట్టిన మిషన్

మా వైపు ఒక అలవాటుంది. బోటు ఒడ్డుకి రాగానే డ్రైవర్ మిషన్‌ని తువ్వాల్లో చుట్టి ఇంటికి పట్టుకుపోతాడు. అందులో చేపల చోట్లుంటాయి. ఏళ్ల వేట అంతా ఆ గుర్తుల్లో ఉంటుంది. బోటు మారితే చెరిపేసి పోతాడు. నేను తప్పు పట్టను, అది అతని కష్టం. కానీ దానివల్ల బోటులో పనిచేసే మిగతా నలుగురు కళాసీలు ఆ మిషన్‌ని ముట్టుకోరు. ఎలా ఆన్ చెయ్యాలో కూడా తెలియని వాళ్లని చూశాను. రాత్రి డ్రైవరే జారి నీళ్లలో పడితే?

సముద్రం కోసం చేసిన చాలా మిషన్లలో మనిషి పడిపోయినప్పుడు నొక్కే బటన్ ఒకటి ఉంటుంది. నొక్కిన క్షణంలో ఉన్న చోటుని గుర్తుపెట్టుకుని వెనక్కి దారి చూపిస్తుంది. ఆరు నాట్ల వేగంతో, అంటే గంటకి ఆరు నాటికల్ మైళ్లు పోయే బోటు నిమిషానికి 185 మీటర్లు వెళ్తుంది. కెరటాల మధ్య అంత దూరంలో మనిషి తల కనబడదు. ఆ బటన్ ఎక్కడుందో తెలియాల్సింది పడినవాడికి కాదు, బోటులో మిగిలినవాళ్లకి.

బావమరిదిని ఒప్పించడానికి ఎక్కువ కష్టపడింది ఇక్కడే. "వాళ్లకి నేర్పితే నా చోట్లు నలుగురి నోళ్లలో పడతాయి" అన్నాడు. వాడి భయం నిజమే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చివరికి చేపల చోట్లని పేర్లు లేకుండా అంకెలతో పెట్టుకున్నాడు, రేవు గుర్తుల్ని మాత్రం అందరికీ అర్థమయ్యే పేర్లతో పెట్టాడు. ఏ అంకె ఏ చోటో వాడి తలలో ఉంటుంది, ఇంటికి దారి మాత్రం అందరిదీ.

ఈ మాట అనగానే నాకు గుజరాత్‌లోని వెరావల్ రేవుకి మనవాళ్లు కూలికి పోయే వలస గుర్తొస్తుంది. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేట చేస్తూ పాకిస్తాన్‌కి పట్టుబడిన మన మత్స్యకారులు, ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు, 20 మంది 2020 జనవరిలో విడుదలై వచ్చారు. సరిహద్దు నీళ్ల మీద గీసి ఉండదు. ఫలానా చోటు దగ్గరపడితే మోగేలా మిషన్‌లో అలారం పెట్టుకోవచ్చు. కానీ కూలికి వెళ్లిన కళాసీకి ఆ తెర చూసే అవకాశం ఎప్పుడైనా ఉంటుందా? బోటు ఎక్కడుందో తెలుసుకునే హక్కు అందులో ఉన్న ప్రతి మనిషికీ ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

అమ్మ అడిగిన మాట

కొన్నేళ్ల కిందట వాయుగుండం వచ్చిన రాత్రి మా చిన్నాన్న కొడుకు ఇంకా ఒడ్డుకి రాలేదు. మా అమ్మ నన్ను అడిగింది, "వాడి దగ్గర ఆ మిషన్ ఉంది కదరా, ఎక్కడున్నాడో చూసి చెప్పు" అని. చూడలేమని చెప్పాల్సి వచ్చింది. ఆ మిషన్ వినడమే గానీ మాట్లాడదమ్మా అన్నాను. ఆమెకి ఎంత అర్థమైందో గానీ నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. తెల్లవారి తమ్ముడు వేరే రేవులో దిగాడని కబురొచ్చింది.

జీపీఎస్ కొన్న ప్రతి ఇంట్లో ఈ మాట ముందే చెప్పాలి. 2019లో మత్స్యకారుల కోసం తెచ్చిన జెమిని పరికరం కూడా హెచ్చరికలు అందుకునేదే, కబురు పంపేది కాదు. ఆపదలో సంకేతం పంపడానికి ఇస్రో తయారుచేసిన పరికరాలు వేరే ఉన్నాయి. 2024 ఆగస్టులో దేశవ్యాప్తంగా లక్ష బోట్లకి ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం మొదలైంది. అవి మాట్లాడతాయి. చేతి జీపీఎస్ ఉంది కదా అని వాటిని వద్దనకూడదు.

"96లో ఇది ఉండి ఉంటే" అని మా పెదనాన్న అప్పుడప్పుడు అంటాడు. 1996 నవంబరు 6 తుఫాను మాట మా వైపు ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆయనతో నేను వాదించను. కానీ ఆ రోజు కావలసింది మనం ఎక్కడున్నామో చెప్పే మిషన్ కాదు, గాలి వస్తోందని చెప్పే మాట. ఈ రెండూ వేరు.

పెదనాన్న చేపల చోట్లని ఒడ్డు చూసి గుర్తుపట్టేవాడు. వాకలపూడి లైట్ హౌస్ దేనికి ఎడంగా వచ్చింది, ఏ తోట ఏ గోపురం వెనక దాగింది, అదీ లెక్క. ఒకసారి ఆయన చోటుకి తీసుకెళ్తే నేను మిషన్‌లో గుర్తు పెట్టుకున్నాను. వారం తర్వాత మిషన్ పట్టుకుని నేనే అక్కడికి తీసుకెళ్లాను. ఆయన ఒడ్డు వైపు ఒకసారి చూసి "ఇంకొంచెం బయటికి పోనియ్" అన్నాడు. ఆయన చెప్పిందే నిజం. మొదటిసారి ఆయన "ఇదే" అన్నాక నేను బటన్లు వెతుక్కుని నొక్కేలోపు బోటు జరిగిపోయింది. మిషన్‌లో ఉన్నది ఆయన చోటు కాదు, నేను ఆలస్యంగా నొక్కిన చోటు. ముసలివాళ్ల గుర్తుల్ని మిషన్ తినేస్తుందని చాలామంది బాధపడతారు. నాకూ ఆ బాధ ఉంది. అందుకే ఒడ్డు మీద గడిపే వారంలో వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోమంటున్నాను. పెద్దవాళ్లు పొగమంచులో చూడలేరు, మిషన్ చూడగలదు. మిషన్‌లో తప్పు పడితే పెద్దవాళ్లు పట్టుకోగలరు.

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. వల బాగు చేసుకుంటాం, బోటుకి రంగులేస్తాం, ఇంజిన్ విప్పుతాం. మిషన్‌ని మాత్రం అటక మీద నుంచి తియ్యం. మిషన్లు సబ్సిడీ మీద ఇచ్చినప్పుడు ఆ నెలల్లోనే ఇచ్చి, ఊళ్లోనే నాలుగు రోజులు నడిపించి నేర్పితే ఎంత బాగుంటుంది. డబ్బా చేతికిచ్చి సంతకం పెట్టించుకుంటే సరిపోదు.

మా బావమరిది ఆ వారం నాతో ఇసుకలో నడిచాడు. ఆఖరి సాయంత్రం నలుగురు కళాసీలనీ తీసుకొచ్చాడు. అందరికంటే చిన్నవాడి చేతికి మిషన్ ఇచ్చి, చీకటిపడ్డాక రెండు కిలోమీటర్ల అవతల సరుగుడు తోట నుంచి మమ్మల్ని బోటు దగ్గరికి తీసుకురమ్మన్నాం. వాడు ఎక్కడా ఆగలేదు.

నేను నా పాత మిషన్ కూడా పట్టుకెళ్లాను. అందులో "ఇల్లు" అని ఒక గుర్తుంది, చాలా ఏళ్ల కిందట పెదనాన్న వాళ్ల గుమ్మం ముందు నిలబడి పెట్టినది. సరదాగా దాన్ని నొక్కాను. ముల్లు తిన్నగా సముద్రంలోకి చూపించింది, ఇంకో నలభై మీటర్లు అంది. ఉప్పాడలో నేల ఎలా పోతోందో అందరం చూస్తున్నదే, ఆ వీధి పోయి కూడా చాలా కాలమైంది. కొత్త ఇంటి దగ్గర కొత్త గుర్తు పెట్టాను. పాతది చెరపబోతుంటే పెదనాన్న తెర మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "అది ఉంచరా" అన్నాడు.

దాని పేరు మాత్రం "పాత ఇల్లు" అని మార్చాను, రాత్రిపూట ఎవరూ పొరపాటున నొక్కకుండా.